పెరట్లో అర నంబరు

2018 జనవరి 9

చర్చి ఇవ్వనన్న విడాకులు సిటీ ఆఫీసులో దొరుకుతాయని ఈరోజు తెలిసింది. బోర్డు మీద అలా రాయలేదు. పెరట్లో రెండో ఇల్లు కట్టుకునేవాళ్ళు ఇక్కడ నిలబడండి అని మాత్రమే రాశారు. కానీ అనుమతి వస్తే ఆ ఇంటికి వేరే కరెంటు మీటరు, వేరే పోస్టు డబ్బా, వేరే నంబరు వస్తాయి. మాది 1147. వెనక ఇంటికి 1147½ ఇస్తారట. ఎవారిస్తో ఆ అరలో ఉంటాడు, నేను ముందున్న పూర్తి అంకెలో ఉంటాను. దేవుడి లెక్కలో మేమిద్దరం ఒకటే, ఊరి లెక్కలో రెండిళ్ళు. ఇంత మర్యాదగా విడిపోవడం మా వంశంలో ఎవరికీ చేతకాలేదు. మా అమ్మ ఏళ్ళ తరబడి మా నాన్నతో ఒక్క ముక్క మాట్లాడకుండా ఒకే మంచం మీద పడుకుంది.

కౌంటర్లో ఉన్న అమ్మాయి పేరు బాగ్దసార్యన్. ఆ పేరు రాసిన బిళ్ళ జేబు దాటి భుజం దాకా వచ్చింది. ప్లాన్ కాగితాలు తిరగేసి, వెనక ఇంట్లో ఎవరుంటారు, అమ్మగారా, అత్తగారా అని అడిగింది.

“మా ఆయన,” అన్నాను.

తల ఎత్తి చూసింది. మళ్ళీ దించి టైపు చేసుకుంది.

జనవరి 10

భోజనాల దగ్గర చెప్పాను. ఎవారిస్తో చేతిలో ఉన్న రొట్టె ముక్క బీన్స్‌లో ముంచి అలాగే పట్టుకున్నాడు.

“నన్ను పెరట్లో కట్టేస్తావా ముసలీ? నేనేం కుక్కనా?”

“కుక్కకైతే అనుమతి అక్కర్లేదు.”

నవ్వాడు. ఈ మనిషితో వచ్చిన చిక్కే అది. కోపం తెచ్చుకోవాల్సిన చోట నవ్వుతాడు, అప్పుడు నా కోపం నా చేతిలోనే మిగిలిపోతుంది.

“అయినా అనుమతి దేనికే? కొన్ని శనివారాలు నాకు వదిలెయ్, నేనే లేపేస్తా. ఈ వీధిలో సిటీని అడిగి కట్టినోడు ఎవడున్నాడు?”

ఎవడూ లేడు. మా వీధిలో కారున్న గ్యారేజీ ఒక్కటీ లేదు. అన్నింట్లోనూ మనుషులే: కోడళ్ళు, మేనల్లుళ్ళు, అద్దెకుండేవాళ్ళు. ఆ గోడలన్నీ శనివారాల్లో ఈయన లేపినవే. కూలి అంటూ తీసుకోడు. కాల్చిన మాంసం, చల్లని బీరు, పక్కన నలుగురు ఉంటే చాలు. ఎవరినీ అడగడు, చేసేస్తాడు, తర్వాత నవ్వుతాడు. పోయిన జూన్‌లో చేసిన పని కూడా నన్ను అడగకుండా చేసిందే. అందుకే నాకు కాగితం కావాలి.

జనవరి 11

జూన్ సంగతి ఇక్కడ రాయను.

జనవరి 12

ఆవిడది ఫోంటానా ఊరు. పేరు తెలుసు, రాయను. అయిపోయింది అంటున్నాడు. అయిపోయింది అంటే జరిగింది అనే కదా అర్థం. అప్పటి నుంచి మా అమ్మాయి యెసేనియా గదిలో, గులాబీ రంగు గోడల మధ్య, చిన్నపిల్లల మంచం మీద కాళ్ళు బయటికి చాపుకుని పడుకుంటున్నాడు. యెసేనియా శాక్రమెంటోలో కాపురం చేసుకుంటోంది. పిల్లను తీసుకుని ఎప్పుడైనా రావచ్చు. వచ్చినప్పుడు గది ఖాళీగా ఉండాలి. అందుకే ఈ మనిషిని వెనక్కి పంపడం, వేరే కారణం ఏమీ లేదు.

ఇల్లు అమ్మి చెరి సగం తీసుకోండి అని ఆఫీసులో ఒకావిడ సలహా ఇచ్చింది. ఆ సగంతో ఈ చుట్టుపక్కల కోళ్ళ గూడు కూడా రాదు.

జనవరి 20

పక్కింటి నియెవెస్ తీపి రొట్టెలు పట్టుకుని వచ్చింది. యెసేనియాకి బాప్తిస్మంలో జ్ఞానతల్లి తనే. అందుకని అప్పటి నుంచీ ఒకరినొకరం కోమాద్రే అనే పిలుచుకుంటాం, తిట్టుకునేటప్పుడు కూడా.

“కోమాద్రే, నీ మొగుణ్ణి రోడ్డు మీదికి తోసెయ్. నేను కూడా వచ్చి ఓ చెయ్యి వేస్తా. ఇన్‌స్పెక్టర్ని మాత్రం వీధిలోకి తేకమ్మా.”

“నా పెరట్లోకి వస్తాడు. నీ పెరట్లోకి కాదుగా.”

“వాడి మెడ తిరగదా ఏంటి? నా గ్యారేజీలో మా అన్న ఉన్నాడు, ముక్కుకి ఆ ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని. రేపు సిటీ వాళ్ళు వచ్చి ఖాళీ చెయ్యమంటే ఎక్కడ పెట్టను, వాషింగ్ మెషీన్లోనా?”

“మీరూ కాగితం తెచ్చుకోవాల్సింది.”

“కాగితమా. కట్టింది నీ మొగుడే. ఆ రోజు పొయ్యి దగ్గర నిలబడి అందరికీ మాంసం కాల్చిపెట్టింది నువ్వే. అప్పుడు అడిగావా కాగితం ఏదని?”

వెళ్తూ వెళ్తూ తెచ్చిన రొట్టెల్లో రెండు వెనక్కి తీసుకుపోయింది.

ఫిబ్రవరి 14

ఎర్ర పూలు తెచ్చి సింకు పక్కన పెట్టాడు. నీళ్ళు నేనే పోశాను. పూలు ఏం పాపం చేశాయి.

నీలం టైల్స్ ముందు ఎర్ర రంగు బాగానే ఉంది. పెళ్ళయిన పదో ఏడు ఈ వంటగది కట్టించాడు నాకు. కట్టించడమేమిటి, కట్టాడు. అంతకు ముందు ఈ ఇంట్లో వంటగది అంటే నడవాలో ఒక మూల. ఒకరు నిలబడితే ఇంకొకరు పక్కకి తిరగాలి. ఈస్టర్ సెలవుల్లో వెనక గోడ పగలగొట్టి నియెవెస్ వాళ్ళ కంచె దాకా గది జరిపాడు. మెక్సికోలోని ప్యూబ్లా నుంచి ట్రక్కులో టైల్స్ తెచ్చి ఒక్కొక్కటీ చేత్తో అతికించాడు. ఒకటి తలకిందులుగా అతికింది, స్టవ్ పైన. ఊడదీస్తానన్నాడు. నేనే ఉండనీ అన్నాను.

ఈ మనిషి చేసిన పనుల్లో నిఖార్సయినది ఇదొక్కటే.

మార్చి 6

సిటీ నుంచి మొదటి జవాబు వచ్చింది. అది సరిచెయ్యి, ఇది సరిచెయ్యి. మురుగు గొట్టం ఎటు పోతుంది, వాన నీళ్ళు ఎటు పోతాయి, గోడకి కంచెకి మధ్య మనిషి నడిచే జాగా ఉందా. అడిగినవన్నీ సరిచేయించాను.

సరిచేస్తున్నారు కదా అని ఇంకో మార్పు కూడా చెప్పాను. మొదట గీయించిన ప్లాన్‌లో ఎవారిస్తో తలుపు వెనక సందు వైపు ఉంది. వచ్చేపోయేటప్పుడు ఆ మొహం నాకు కనపడకూడదని నేనే అలా పెట్టించాను. తర్వాత ఆలోచిస్తే, సందు వైపు తలుపుంటే ఫోంటానా ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతుందో నాకు తెలియదు. తలుపు నా వంటగది వైపు తిప్పమన్నాను.

ఏప్రిల్ 19

ఇంకా రాలేదు. ఈ సిటీ వాళ్ళకి మనుషుల అవసరాలతో పని లేదు. ఒక ఆడది ఒక మగాణ్ణి ఇంట్లోంచి పంపించాలంటే ఇన్ని సంతకాలు కావాలా.

ఈలోగా ప్లాన్‌లో కిటికీ కూడా సరిగా లేదనిపించింది. నా స్టవ్ దగ్గరున్న కిటికీకి సరిగ్గా ఎదురుగా అతని కిటికీ ఉండాలి. కాపలా పెట్టినట్టు ఉంటుంది. మళ్ళీ గీయించి పంపాను.

మే 15

బాగ్దసార్యన్ అమ్మాయిని ఈరోజు గట్టిగా నిలదీశాను. ఎన్నాళ్ళు తిప్పుతారు, మీ ఇళ్ళల్లో ఆడవాళ్ళు లేరా అన్నాను.

“ఈ రెండు మార్పులూ మేం అడిగినవి కాదండీ,” అంది, చాలా నెమ్మదిగా. “మీరే పంపారు. ప్లాన్ మారిన ప్రతిసారీ మేం మొదటి నుంచి చూడాలి కదా. మొదట ఇచ్చినట్టే ఉంచి ఉంటే మార్చిలోనే అయిపోయేది.”

నాకు తెలుసు అన్నాను.

ఇంటికొచ్చాక ఎవారిస్తో ఏమైంది అని అడిగాడు. సిటీ వాళ్ళు ఆలస్యం చేస్తున్నారని చెప్పాను.

జూన్ 3

చికెన్ పులుసు చేశాను, మొక్కజొన్న వేసి. ఒకే బల్ల దగ్గర తిన్నాం. అందులో విశేషమేమీ లేదు, బల్ల ఒకటే ఉంది.

కుళాయి వాషరు మార్చాడు. మాట్లాడకుండా పని చేస్తున్నప్పుడు మనిషి బాగానే ఉంటాడు.

జూన్ 18

ఏడాది అయింది.

జులై 11

ఈరోజు జరిగింది జరిగినట్టు రాసుకోవాలి.

కొలతలు చూసుకోవడానికి ఇన్‌స్పెక్టర్ వస్తాడని ముందే ఉత్తరం వచ్చింది. నేను ఎవరికీ చెప్పలేదు. అయినా పొద్దున లేచి చూస్తే వీధి వీధంతా దుప్పట్లు ఉతికి ఆరేసింది. ఎప్పుడూ డ్రయ్యర్ తప్ప తాడు ముట్టని ఇళ్ళలో కూడా కంచె పొడుగునా దుప్పట్లు, పరుపు గుడ్డలు, బల్ల మీద పరిచే గుడ్డలు వేలాడుతున్నాయి. నియెవెస్ అయితే తన గ్యారేజీ కనపడకుండా పెళ్ళినాటి పట్టు దుప్పటి కూడా తీసి కట్టింది. గాలి వీచినప్పుడల్లా పరిగెత్తుకొచ్చి కింది అంచు పట్టుకుంటోంది. ఇంత పిరికి వీధిలో ఇన్నాళ్ళూ ఉన్నానా అని నవ్వుకున్నాను. దాచుకోవాల్సింది నాకేమీ లేదు. నా పని కాగితం మీద నడుస్తోంది.

ఇన్‌స్పెక్టర్ పెద్ద వయసు మనిషి, టోపీ తీసి పలకరించాడు. దుప్పట్ల వైపు ఓసారి చూసి, “ఈ వీధివాళ్ళకి శుభ్రం ఎక్కువనుకుంటా,” అని మాత్రం అన్నాడు. పెరడంతా టేపు పెట్టి కొలిచాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. లోపలికి రండి, మందార పూల షర్బత్ చల్లగా ఉంది, తాగి వెళ్ళండి అన్నాను.

నేనే పిలిచాను. నా వంటగదిలోకి.

గ్లాసు చేతిలోనే ఉంది. టైల్స్ చూసి చాలా బాగున్నాయన్నాడు. కిటికీ లోంచి కంచె వైపు చూశాడు. ప్లాన్ విప్పి చూశాడు. మళ్ళీ కంచె వైపు చూశాడు.

“ఈ గది మా పాత రికార్డులో లేదే అమ్మా,” అన్నాడు.

జులై 12

ఆ మాట తర్వాత ఇన్‌స్పెక్టర్ ఇంకా చెప్పాడు. మంచివాడే. గొంతు తగ్గించి చెప్పాడు.

“చూడండమ్మా. దరఖాస్తు మీరు వెనక్కి తీసుకుంటే ఫైలు మూసేస్తారు. మూసిన ఫైలు కోసం నేను మళ్ళీ ఈ వీధికి రాను, ఈ గది నేను చూడనూ లేదు. అలా కాదు, వెనక ఇల్లు కావాలి అంటే మాత్రం ఈ వంటగది తీసెయ్యాలి. కంచెకి మరీ ఇంత దగ్గరగా ఉంటే పాస్ చెయ్యడం ఎవరి వల్లా కాదు.”

పనిలోంచి ఎవారిస్తో వచ్చాక చెప్పాను. బూట్లు విప్పకుండానే గుమ్మంలో నిలబడి విన్నాడు. తర్వాత గోడ మీద చెయ్యి వేశాడు, పశువు ఒంటి మీద వేసినట్టు.

“వెనక ఇల్లు మానేద్దాం ముసలీ. ఇది ఉంచుకుందాం. నేను పిల్ల గదిలోనే సర్దుకుంటాలే. లేకపోతే…”

లేకపోతే ఏమిటో చెప్పలేదు. ఇంట్లో ఇక మిగిలింది నా గదే. నాకు తెలుసు. నా నోటితో నేను అనను. ఆ మాట అతనే అడగాలి. స్పాంజి పట్టుకుని స్టవ్ చుట్టూ తుడుస్తూ నిలబడ్డాను. తుడిచిందే మళ్ళీ తుడిచాను. అడగలేదు.

“తీసెయ్,” అన్నాను.

“ఏది?”

“వంటగది.”

“ఇది నీ కోసం కట్టానే.”

“ఫోంటానాలో ఎవరి కోసం ఏం కట్టావు?”

ఆ రాత్రి భోజనం చెయ్యలేదు. పళ్ళెం మూతపెట్టి ఉంచాను, పొద్దునకి అలాగే ఉంది.

జులై 13

ఈ మనిషి పలుగు పట్టుకోడు. ఆ గోడ మీద చెయ్యి వెయ్యలేడు. వచ్చే శనివారం లోగా వచ్చి అడుగుతాడు.

జులై 19

డబ్బాలు, గిన్నెలు సర్దమన్నాడు. బెదిరిస్తున్నాడు.

జులై 21

పట్టుకున్నాడు.

ఒక్కడే చేశాడు. ఎవరినీ పిలవలేదు, పొయ్యి మీద మాంసం లేదు, బీరు లేదు. గోడలు కూల్చే ముందు టైల్స్ తీశాడు. ఒక్కొక్క దాని వెనక సన్న ఉలి పెట్టి, చెక్క సుత్తితో, గుడ్లు పగలకుండా తీసినట్టు. తీసినవి బకెట్లో నానబెట్టి, వెనక ఉన్న సిమెంటు గీకి, తుడిచి, గోడవారన పేర్చాడు. స్టవ్ పైన తలకిందులుగా ఉన్నదాన్ని కూడా తీశాడు. దాన్ని చేతిలో తిప్పి చూశాడు. తీసేశాక అది తలకిందులుగా ఉందో లేదో తెలియదు. మిగతా వాటితో కలిపేశాడు.

అంత జాగ్రత్త దేనికో నాకు తెలియదా. ఫోంటానాకి పట్టుకెళ్ళడానికి.

కంచె అవతల నియెవెస్ నిలబడి చూసింది. దుమ్ము దాని జుట్టు మీద కూడా పడుతోంది.

“వీధంతా దుప్పట్లు కప్పుకుని దాక్కున్నాం,” అంది. “నీ వంటగది మీద ఒక్క దుప్పటి కప్పుకోలేకపోయావా?”

“నీ గ్యారేజీ జోలికి ఎవరూ రాలేదుగా. సంతోషించు.”

“సంతోషంగానే ఉంది. ఆ మనిషి మొహం చూశావా నువ్వు?”

చూడలేదు. వీపు నా వైపు ఉంది.

ఆగస్టు 5

వెనక గోడ ఉన్న చోట ప్లాస్టిక్ పరదా. వాషింగ్ మెషీన్ మీద చిన్న కరెంటు స్టవ్ పెట్టుకుని వండుతున్నాను. బట్టలు ఉతికేటప్పుడు గిన్నె వణుకుతుంది. పెళ్ళయిన కొత్తలో నడవా మూల ఎలా ఉండేదో అలాగే ఉంది, నిలబడడానికి ఒక్క మనిషికే చోటు. ఇప్పుడు ఒక్క మనిషే నిలబడుతోంది కాబట్టి ఇబ్బంది లేదు.

ఆగస్టు 26

ఎల్విరా అన్నాడు. ఉప్పు అందుకో ఎల్విరా అని. బాప్తిస్మంలో పెట్టిన పేరే, అందులో తప్పేమీ లేదు. నా పేరు ఈ మనిషి నోటంట విని ఎన్నాళ్ళయిందో. పెళ్ళయిన కొత్త నుంచీ ముద్దుగా ముసలీ అనే పిలుపు.

సెప్టెంబర్ 17

ముసలీ అని అనడం పూర్తిగా మానేశాడు. మంచిదే. ఎవరు ముసలి.

అక్టోబర్ 30

అనుమతి వచ్చింది.

బాగ్దసార్యన్ అమ్మాయి నవ్వుతూ ఇచ్చింది. అన్ని పేజీల మీదా ముద్ర ఉంది. నంబరు కూడా ఇచ్చేశారు: 1147½. కారులో కూర్చుని మొత్తం చదివాను. తలుపు నా వంటగది వైపు, కిటికీ నా స్టవ్ కిటికీకి ఎదురుగా. నా స్టవ్ లేదు, కిటికీ లేదు. ప్లాన్ మీద మాత్రం అన్నీ సరిగ్గా ఉన్నాయి.

దారిలో తీపి రొట్టెలు కొన్నాను, ఎవారిస్తోకి ఇష్టమైన పంచదార పెంకు ఉన్నవి. కబురు చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

పెరట్లో తిరగేసిన బకెట్ మీద కూర్చున్నాడు. కాగితాలు చేతికిచ్చాను. చూశాడు. మంచిది అన్నాడు.

“ఎప్పుడు మొదలుపెడతావు?”

“నేను కట్టను.”

“మరి ఎవరు కడతారు?”

“కాగితం ఉందిగా. ఎవడైనా కడతాడు. నేను కాగితం లేని ఇళ్ళు కట్టేవాణ్ణి.”

“మరి నువ్వెక్కడుంటావు?”

“బేకర్స్‌ఫీల్డ్‌లో. తమ్ముడి దగ్గర.”

“ఫోంటానా మీదుగానా?”

“అది ఇటు, ఇది అటు. మ్యాపు చూసుకో.” కాగితాలు మడతపెట్టి తిరిగి నా చేతిలో పెట్టాడు. “నీకు కావాల్సింది వేరే నంబరు, ఎల్విరా. దొరికింది. నాది ఇంకాస్త దూరంలో దొరికింది, అంతే తేడా.”

కోప్పడి ఉంటే జవాబు చెప్పేదాన్ని. నవ్వి ఉన్నా చెప్పేదాన్ని.

నవంబర్ 1

వెళ్ళాడు. ఫోంటానాకి.

నవంబర్ 2

చనిపోయినవాళ్ళ పండగ. బంతిపూలు పరిచి అమ్మ ఫోటో, నాన్న ఫోటో పెట్టాను. పక్కపక్కనే. ఇప్పుడైనా మాట్లాడుకుంటారేమో. బతికున్నవాళ్ళ ఫోటో అక్కడ పెట్టకూడదు, అరిష్టం. అతని ఫోటో చేతిలోకి తీసుకుని మళ్ళీ సొరుగులో పెట్టేశాను. దుమ్ము తుడవడానికే తీశాను.

నవంబర్ 11

యెసేనియా ఫోన్ చేసింది.

“నాన్న చిన్నాన్న వాళ్ళింట్లోనే ఉన్నాడమ్మా. సోఫా మీద పడుకుంటున్నాడు. వీడియోలో మాట్లాడాను, వెనకాల పిన్ని కనపడింది.”

“అలాగా.”

“ఆవిడ ఎవరో, ఆ ఫోంటానా ఆవిడ, పోయిన శీతాకాలమే ఎవరినో చేసుకుని వెళ్ళిపోయిందిట. నీకు చెప్పానన్నాడు నాన్న.”

చెప్పాడా? చెప్పి ఉండొచ్చు. అప్పట్లో ఏం చెప్పినా వినేదాన్ని కాదు.

“అమ్మా, ఒక్క మాట పిలిస్తే వచ్చేస్తాడు.”

“రావాలంటే ఆయనే అడగాలి.”

“ఆయనా అదే అన్నాడు. నువ్వే అడగాలిట. మీ ఇద్దరికీ దేవుడే దిక్కు,” అని ఫోన్ పెట్టేసింది.

నవంబర్ 12

గది ఖాళీగా ఉంది. యెసేనియా ఎప్పుడు రావాలనుకుంటే అప్పుడు రావచ్చు.

డిసెంబర్ 9

వాన పడింది. పెరట్లో నీళ్ళు నిలిచాయేమో చూద్దామని వెళ్తే, గోడవారన టార్పాలిన్ ఎగిరిపోయి ఉంది. కింద టైల్స్. అన్నీ అక్కడే ఉన్నాయి, ఒక్కటీ తీసుకెళ్ళలేదు. మధ్య మధ్య పాత వార్తాపత్రిక పెట్టి పేర్చాడు, ఒకదానికొకటి రాసుకోకుండా.

బరువని వదిలేసి ఉంటాడు.

టార్పాలిన్ మళ్ళీ కప్పి ఇటుకలు పెట్టాను. కప్పే ముందు తలకిందులుగా ఉండేది ఏదో గుర్తుపడదామని కాసేపు చూశాను. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. జుట్టంతా తడిసింది. జలుబు చేసింది. ఏడ్చింది జలుబు వల్ల కాదు. రాసుకోవడానికి సిగ్గెందుకు, ఇది నేను తప్ప ఎవరూ చదవరు.

2019 ఫిబ్రవరి 1

నియెవెస్ వచ్చింది, చాలా నెలల తర్వాత. లోపలికి రాలేదు. గుమ్మంలో నిలబడి ఒక కవరు చాపింది.

“పోస్టతను పొరపాటున మా డబ్బాలో వేశాడు. నీ పెరటికి ఉత్తరం వచ్చింది.”

1147½, ప్రస్తుతం నివసిస్తున్నవారికి అని ఉంది. పిజ్జా కొట్టువాళ్ళు కొత్త చిరునామాలకి పంపే కూపన్లు. రెండు కొంటే ఒకటి ఉచితం.

“అక్కడ కలుపు మొక్కలు తప్ప ఎవరూ లేరని చెప్పకపోయావా?” అన్నాను.

“చెప్దామనుకున్నా. తర్వాత ఎందుకులే అనిపించింది.” నా వెనకాల, వాషింగ్ మెషీన్ మీద ఉడుకుతున్న గిన్నె వైపు చూసింది. “మా ఇంట్లో స్టవ్ ఖాళీగానే ఉంటుంది సాయంత్రాలు, కోమాద్రే. నీ ఇష్టం.”

వెళ్ళలేదు. కవరు పారెయ్యలేదు.

ఏప్రిల్ 21

ఈస్టర్. ఫోన్ రాలేదు. నేను చెయ్యలేదు.

అక్టోబర్ 25

అనుమతికి ఏడాదే గడువు. ఈలోగా పునాది తియ్యకపోతే కాగితం చెల్లదు. అందుకని ఈరోజు మళ్ళీ సిటీ ఆఫీసుకి వెళ్ళాను. పని ఉన్నవాళ్ళు వెళ్ళాల్సిందే.

బాగ్దసార్యన్ అమ్మాయికి నేను గుర్తున్నాను. కడుపుతో ఉంది. ఆ పేరు బిళ్ళకి ఇప్పుడు కావలసినంత చోటు దొరికింది.

“ఇంకా మొదలుపెట్టలేదా అండీ?”

“మేస్త్రీ దొరకలేదు.”

“ప్లాన్‌లో ఏమైనా మార్పులున్నాయా? ముందు ఇంటి వంటగది తీసేశారు కదా. మీరు పెట్టించిన ఈ కిటికీ ఇప్పుడు దేనికీ ఎదురుగా లేదు. కావాలంటే తలుపు మళ్ళీ సందు వైపు పెట్టుకోవచ్చు, ఖర్చు తగ్గుతుంది.”

“వద్దు. అలాగే ఉండనివ్వండి.”

ఏదో నొక్కింది. తెర మీద పాత వివరాలన్నీ ఒక్కొక్కటే వచ్చాయి. ఒక్కొక్కటీ చదివి, సరేనా అని అడుగుతూ పోయింది. సరే అంటూ పోయాను.

“వెనక ఇంట్లో ఎవరుంటారు? ఇది మార్చమంటారా?”

నా వెనకాల క్యూలో ఉన్నాయన గొంతు సవరించుకున్నాడు.

“మా ఆయన,” అన్నాను.

ఈసారి తల ఎత్తలేదు. టైపు చేసి, ముద్ర వేసి, ఇంకో ఏడాది గడువు ఇచ్చింది.